ఎదుగూ బొదుగూ లేని పరుగు

వ్యాయామం మొదలుపెట్టిన ఒళ్ళు తొలి వారాల్లో చకచకా మారుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఒక దశలో ఆగిపోతుంది. రోజూ అంతే చెమటోడ్చినా పరుగు సమయం తగ్గదు, ఎత్తే బరువు పెరగదు, తూకం కదలదు. జిమ్ములలో దీన్ని ప్లాటో అంటారు. ఊళ్ళో అయితే ఎదుగూ బొదుగూ లేకుండా పోయిందంటారు. ఇది ఎందుకు వస్తుంది, దాటేది ఎలా అన్న దగ్గర రెండు పక్షాలున్నాయి. చేసేది చాలక ఆగింది, ఇంకా చెయ్యాలన్నది ఒక పక్షం. చేసేదానికి తగినట్టు శరీరం మారడం పూర్తయింది కనుక ఆగింది, చేసే తీరు మార్చాలన్నది రెండోది.

ఈ సంవాదంలో మొదటి పక్షం అల్లుడిది, రెండోది మావయ్యది. ఇద్దరూ వీరులపాడు వైపు ఏ ఇంటి అరుగు మీదైనా కనిపించే మనుషులే. మావయ్య హైస్కూల్లో పిల్లల్ని ఆడించి రిటైరైన డ్రిల్లు మాస్టారు. అల్లుడు, అంటే ఆయన మేనల్లుడు, పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్న డిగ్రీ కుర్రాడు. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షల్లో 1600 మీటర్ల పరుగును మగపిల్లలు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాలి. అల్లుడు నాలుగు నెలలుగా సాగర్ కాలువ కట్ట మీద రోజూ 5 కిలోమీటర్లు పరుగెడుతున్నాడు. మొదట్లో 1600 మీటర్లకు 10 నిమిషాలు పట్టేది. రెండు నెలల్లో 8 నిమిషాల 20 సెకన్లకు వచ్చింది. తర్వాతి రెండు నెలల్లో ఒక్క సెకను కూడా తగ్గలేదు.

అల్లుడు: రెండు నెలల్లో వంద సెకన్లు తగ్గించిన ఒళ్ళు ఇరవై సెకన్ల దగ్గర మొరాయించిందంటే బద్ధకించిందనే అర్థం మావయ్యా. రేపటి నుంచి పూటకు 5 చొప్పున రెండు పూటలా పరుగెడతాను.

మావయ్య: ముందు ఆ వంద సెకన్లు ఎలా తగ్గాయో తెలుసుకో అల్లుడూ. అది తెలిస్తే ఈ ఇరవై ఎందుకు తగ్గలేదో తెలుస్తుంది.

ఒంట్లోని భాగాలన్నీ ఒకే వేగంతో మారవు. పరుగు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే నెత్తురులోని నీటిభాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ నెత్తురు పంపుతుంది కాబట్టి అదే పరుగుకు తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. నరాలు కూడా త్వరగానే నేర్చుకుంటాయి. 1979లో మోరిటానీ, డి వ్రీస్ అనే పరిశోధకులు బరువులెత్తే కొత్తవాళ్ళను ఎనిమిది వారాలు గమనించారు. తొలి వారాల్లో పెరిగిన బలంలో ఎక్కువ భాగం కండ పెరగడం వల్ల వచ్చింది కాదు. ఉన్న కండనే నరాలు మరింత బాగా పనిలోకి దింపడం వల్ల వచ్చింది. కండ ఉబ్బడం ఆ తర్వాతే.

కండ లోపలి మార్పుకు ఇంకా సమయం కావాలి. 1967లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జాన్ హాలోసీ ఎలుకలను వారాల తరబడి ట్రెడ్‌మిల్లు మీద పరుగెత్తించాడు. వాటి కండరాల్లో ఆక్సిజన్‌తో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాల సామర్థ్యం దాదాపు రెట్టింపైనట్టు తేల్చాడు. కండ పోగుల చుట్టూ సన్నని రక్తనాళాలు అల్లుకోవడం కూడా వారాలు, నెలల పని. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కనుక వాటి మొత్తం పెరగడానికీ సమయం పడుతుంది. అన్నిటికన్నా వెనకబడేవి కండను ఎముకకు కట్టే స్నాయువులు, ఎముకలు.

ఎముక సంగతి కొంచెం వివరంగా చూడాలి, ఉద్యోగాల పరుగులో కుర్రాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పడే భారాన్ని బట్టి ఎముక తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అయితే పాత గోడకు మరమ్మతు చేసే మేస్త్రీ వదులైన ఇటుకలను ముందు ఊడదీసినట్టే, ఎముక కూడా అరిగిన భాగాన్ని ముందు తీసేసి, ఆ తర్వాతే కొత్తది కడుతుంది. ఆ నడుమ కొన్ని వారాలు ఆ చోటు మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. గుండె, ఊపిరి సిద్ధమయ్యాయి కదా అని ఆ వారాల్లోనే దూరాన్ని రెట్టింపు చేస్తే మోకాలి కింద ముందెముకలో నొప్పి మొదలవుతుంది, సన్నని చీలిక కూడా రావచ్చు.

మావయ్య: నీకు తగ్గిన వంద సెకన్లలో చాలా భాగం నెత్తురు, గుండె, నరాలు ఇచ్చినవి. త్వరగా ఇచ్చేవి ఇవ్వగలిగింది ఇచ్చేశాయి. రేపటి నుంచి రెండు పూటలా పరుగెడితే ఆ భారం ముందుగా నీ కాలెముక మీద పడుతుంది.

అల్లుడు: మరి మార్కెట్ యార్డులో హమాలీలో? రోజంతా బస్తాలు మోస్తారు. వాళ్ళకు లేని నొప్పులు మాకెందుకు?

మావయ్య: వాళ్ళకు నొప్పులు లేవని ఎవరన్నారు? అది అలా ఉంచు. ధాన్యం బస్తా 75 కిలోలు. కొత్తగా చేరిన హమాలీకి మొదటి నెల నడుము విరుగుతుంది. ఏడాది తిరిగేసరికి పరుగులాంటి నడకతో మోస్తాడు. పదేళ్ళ తర్వాత వంద కిలోలు మోస్తాడా? మోయడు, ఎందుకంటే బస్తా ఇంకా 75 కిలోలే. నువ్వు చెప్పే కష్టం అతనికి రోజూ ఉంది. ఎదుగుదల మాత్రం ఏడాదిలోనే ఆగింది.

ఈ ఉదాహరణలో విషయం ముప్పాతిక ఉంది. శరీరానికి పొదుపెక్కువ. కండను నిలబెట్టుకోవడానికి తిండి ఖర్చవుతుంది కనుక పడే భారానికి సరిపడేంత కట్టి ఆపుతుంది. హాన్స్ సెల్యే 1936లో జంతువుల మీద చేసిన ప్రయోగాలతో ఒత్తిడికి దేహం స్పందించే తీరును మూడు దశలుగా చెప్పాడు. మొదట ఉలికిపాటు, తర్వాత తట్టుకోవడం, ఒత్తిడి వదలకపోతే చివరికి అలసి కూలడం. వ్యాయామ శాస్త్రం ఆ చట్రాన్ని అరువు తెచ్చుకుంది. ఎదుగూ బొదుగూ లేని స్థితి రెండో దశలో స్థిరపడటం. అల్లుడి భయమంతా దాని గురించే, కాని అసలు భయపడాల్సింది మూడో దశ గురించి.

భారం పెరుగుతూ పోవాలన్న సూత్రం పాతదే. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దపు గ్రీకు మల్లుడు మైలో దూడను రోజూ భుజాన మోసి, అది ఎద్దయ్యాక కూడా మోశాడని కథ. దాన్ని వైద్యంలోకి తెచ్చినవాడు థామస్ డిలోర్మ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో షికాగోలోని సైనిక ఆసుపత్రిలో మోకాళ్ళు దెబ్బతిన్న సిపాయిలకు తేలిక కసరత్తులే చేయించేవారు. డిలోర్మ్ పది సార్లు మాత్రమే ఎత్తగలిగేంత బరువు పెట్టి, బలం పెరిగినకొద్దీ బరువూ పెంచాడు. సిపాయిలు త్వరగా కోలుకున్నారు. 1945లో ఆ పద్ధతిని ప్రచురించాడు.

అల్లుడు: అయితే మీరూ నా పక్షానికే వచ్చారు. భారం పెంచాలనేగా నేనూ అంటున్నది?

మావయ్య: పెంచాలి. ఏ భారం, ఎంత, ఎన్నాళ్ళకు అన్నదే మన తగువు. మైలో దూడ రోజుకు గుప్పెడు పెరిగింది. నువ్వు ఒక్క రాత్రిలో దాన్ని ఎద్దును చేస్తానంటున్నావు.

అల్లుడు: ఆ లెక్కన దూడ పెరిగినంత కాలం మనిషి బలమూ పెరగాలి. ఏనుగు పిల్లతో మొదలుపెడితే ఏనుగును మోయొచ్చా? మీ కథలోనూ ఆగేచోటు ఒకటి ఉందిగా!

అల్లుడి మాటలో న్యాయముంది. మెల్లగా పెంచుతూ పోయినా పెరుగుదల ఒక గీతలా సాగదు, వంపు తిరిగి చదునవుతుంది. పైగా ఆ వంపు అందరికీ ఒకలా ఉండదు. హెరిటేజ్ అనే అధ్యయనంలో 98 కుటుంబాలకు చెందిన 481 మందితో 20 వారాలు ఒకే పద్ధతిలో వ్యాయామం చేయించారు. ఆక్సిజన్ వాడుకునే శక్తి కొందరిలో బాగా పెరిగింది, కొందరిలో దాదాపు పెరగనే లేదు. ఒకే ఇంటివాళ్ళ ఫలితాలు ఒకదానికొకటి దగ్గరగా ఉండటంతో ఇందులో పుట్టుకకు వాటా ఉందని తేలింది.

అక్కడితో ఆగితే పుట్టుకే రాత అనుకునే ప్రమాదముంది. అల్లుడి పక్షానికి గట్టి సాక్ష్యం 2017లో వచ్చింది. మాంటేరో, లుండ్‌బీ అనే ఇద్దరు 78 మందిని అయిదు జట్లు చేసి, వారానికి ఒకటి నుంచి అయిదు గంటల వరకు ఆరు వారాలు సైకిల్ తొక్కించారు. వారానికి గంటే తొక్కినవాళ్ళలో సగానికి పైగా మందికి ఫలితం కనబడలేదు. నాలుగైదు గంటలు తొక్కినవాళ్ళలో ఫలితం రానివాళ్ళే లేరు. ఫలితం రానివాళ్ళు వారానికి మరో రెండు గంటలు కలిపి ఇంకో ఆరు వారాలు చేస్తే వాళ్ళూ మెరుగయ్యారు. అంటే తక్కువ చేసేవాడి ఎదుగుదల ఆగితే మందు ఎక్కువ చేయడమే. ఇక్కడ మావయ్య ఒప్పుకోక తప్పదు, ఒప్పుకున్నాడు కూడా.

మావయ్య: వారానికి రెండు రోజులు పరుగెత్తేవాడైతే నాలుగు రోజులు పరుగెత్తమంటాను. నువ్వు ఏడు రోజులూ పరుగెడుతున్నావు, రాత్రి పన్నెండు దాకా చదువుతున్నావు, పత్తి చేలో మందు కొట్టిన రోజు కూడా వదలవు. పొద్దున లేవగానే నాడి ఎప్పుడైనా చూసుకున్నావా?

అల్లుడు: నెల కిందట అరవై. ఇప్పుడు అరవై ఎనిమిది.

పరుగు వంటబట్టినవాడి నాడి విశ్రాంతిలో నెమ్మదించాలి. రోజుల తరబడి అది మామూలుకన్నా పైకే ఉంటే, నిద్ర చెడితే, చిరాకు పెరిగితే, ఆకలి తగ్గితే ఒళ్ళు ఇంకా కోలుకోలేదని గుర్తు. కండ బలపడేది పరుగులో కాదు, పరుగయ్యాక. పరుగులో కండ పోగులకు సూక్ష్మంగా దెబ్బ తగులుతుంది, నిల్వ ఉన్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది. గట్టి పరుగు తర్వాత తగినంత అన్నం తిన్నా ఆ నిల్వ నిండటానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కోలుకున్నాక ఒళ్ళు మునుపటికన్నా కొంచెం పైమెట్టుకు చేరుతుందని సోవియట్ శాస్త్రవేత్తలు గీసిన వంపుగీత శిక్షకులందరికీ తెలిసిందే. ఒక్కో అవయవం ఒక్కో వేగంతో కోలుకుంటుంది కాబట్టి నిజం ఆ ఒక్క గీతంత సులువుగా ఉండదు. కాని కోలుకోకముందే మళ్ళీ దెబ్బ వేస్తే మెట్టు దిగుతామన్నంతవరకు ఆ బొమ్మ సరైనదే.

అల్లుడు: సరే, దూరం పెంచను. రోజుకొక రకం చేస్తాను. ఒకరోజు తాడాట, ఒకరోజు జిమ్ము, ఒకరోజు ఈత. ఒళ్ళు అలవాటు పడకుండా తికమక పెడితే ఆగదంటున్నారు కుర్రాళ్ళు.

మావయ్య: తికమకపడేది నువ్వేరా, కండ కాదు. ఈతతో ఈత వస్తుంది. పరీక్ష పరుగులో. నీ లెక్క ఒక్కసారి వేసి చూద్దాం.

ఈ సంవాదానికి ఆ లెక్కే కీలకం. 1600 మీటర్లు 8 నిమిషాల్లో అంటే 400 మీటర్ల చుట్టు 2 నిమిషాల్లో రావాలి. అల్లుడి 8 నిమిషాల 20 సెకన్లు చుట్టుకు 2 నిమిషాల 5 సెకన్లు. కాని రోజూ అతను 5 కిలోమీటర్లు అరగంటలో పరుగెడుతున్నాడు. కిలోమీటరుకు 6 నిమిషాలు, చుట్టుకు 2 నిమిషాల 24 సెకన్లు. పరీక్ష అడిగే వేగంతో అతని కాళ్ళు పరీక్షించుకునే ఆదివారం తప్ప ఏ రోజూ పరుగెత్తలేదు. రెండు పూటలా పరుగెత్తినా అదే 2 నిమిషాల 24 సెకన్ల పరుగు రెట్టింపవుతుంది. హమాలీ బస్తా లాంటిదే ఇదీ. బస్తాలు ఎక్కువవుతాయి, బస్తా బరువు పెరగదు.

కావలసిన వేగంతో మొత్తం దూరం పరుగెత్తలేనివాడు ఆ వేగంతో ముక్కలుగా పరుగెత్తవచ్చు. 1930లలో జర్మనీలో శిక్షకుడు గెర్ష్‌లర్, వైద్యుడు రైండెల్ ఈ పద్ధతికి శాస్త్రీయ రూపమిచ్చారు. గట్టిగా ఒక ముక్క, గుండె నెమ్మదించేదాకా విరామం, మళ్ళీ ఒక ముక్క. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు పెట్టాడు. మావయ్య అల్లుడికి చెప్పిన ఏర్పాటు ఇలా ఉంది. వారానికి రెండు రోజులు 400 మీటర్ల ముక్కలు, ఒక్కోటి 1 నిమిషం 55 సెకన్లలో, నడుమ 2 నిమిషాల నడక. మొదటి వారం నాలుగు ముక్కలు, మూడో వారానికి ఆరు. ఒకరోజు మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత నెమ్మదిగా 7 కిలోమీటర్లు. రెండు రోజులు తేలిక పరుగు, పిక్కలకూ తొడలకూ బలాన్నిచ్చే బస్కీలు. రెండు రోజులు పూర్తి విశ్రాంతి. నాలుగో వారం అంతా సగమే.

అల్లుడు: వారానికి రెండు రోజులు ఊరికే కూర్చుంటే ఉన్నది కూడా పోదా?

మావయ్య: నెల కూర్చుంటే పోతుంది, రెండు రోజులకు పోదు.

దీనికి రాబర్ట్ హిక్సన్ 1980లలో షికాగోలో చేసిన పరీక్షలు సాక్ష్యం. వారానికి 6 రోజులు, రోజుకు 40 నిమిషాలు, 10 వారాలు గట్టిగా శిక్షణ పొందినవాళ్ళు తర్వాత 15 వారాల పాటు వారానికి రెండే రోజులు చేసినా ఆక్సిజన్ వాడుకునే శక్తి నిలిచింది. తీవ్రత తగ్గించినప్పుడు మాత్రం అది పడిపోయింది. రోజులు తగ్గినా వేగం తగ్గకూడదన్నది ఇందులో తేలిన సంగతి.

ఎదుగుదల నిజంగా ఆగిందా అన్నది కూడా సరిచూసుకోవాలి. కట్ట మీద 1600 మీటర్లు బైకు మీటరుతో కొలిచినవే అయితే వంద మీటర్లు అటూ ఇటూ కావచ్చు. ఫిబ్రవరి చలిగాలిలో వచ్చిన సమయాన్ని ఏప్రిల్ ఎండలో వచ్చినదానితో పోల్చకూడదు. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికే పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి. చుట్టు 400 మీటర్లని కచ్చితంగా తెలిసిన మైదానంలో, ఒకే వేళప్పుడు, రెండు వారాలకొకసారి చూసుకున్న సమయాన్నే నమ్మాలి.

ఆడపిల్లల విషయంలో మరొకటి ముందు చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబినే తక్కువైతే ఎంత మంచి శిక్షణ అయినా గోడకు తలకొట్టుకోవడమే అవుతుంది. పరుగు సమయం ఆగిపోయిన అమ్మాయి చేత ఇంకో రెండు కిలోమీటర్లు పరుగెత్తించే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెత్తురు పరీక్ష చేయించాలి. ఈ మాట మీద అల్లుడికీ మావయ్యకూ తగువు లేదు.

అల్లుడు: ఇంత శాస్త్రీయంగా చేసినా ఆగినవాళ్ళు లేరా?

ఉన్నారు. తెలుగు నేల మీదే గొప్ప ఉదాహరణ విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి చెక్కుచెదరని 13.38 సెకన్ల జాతీయ రికార్డును 2022 మే నెలలో 13.23కు తగ్గించింది. ఆ అక్టోబరుకే 12.82కు చేరింది. అయిదు నెలల్లో 41 వందోవంతులు. తర్వాత పది నెలలు శ్రమిస్తే 2023 ఆగస్టులో చెంగ్దూలో 12.78 వచ్చింది, అంటే 4 వందోవంతులు. 2024 మే నెలలో ఫిన్లాండ్‌లో మళ్ళీ సరిగ్గా 12.78. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత 12.77. ఒక్క వందోవంతు తక్కువైంది. ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా ఆమె పారిస్ వెళ్ళింది.

ఆమె శ్రమలో లోపం వెతకడం అన్యాయం. పైకి వెళ్ళేకొద్దీ వంపు చదునవుతుందనడానికి ఆ అంకెలే రుజువు. ఆ ఎత్తున నెలల తరబడి నిలబడి ఉండటం కూడా శిక్షణ ఫలితమే. అల్లుడిది ఆ ఎత్తు కాదు. నాలుగు నెలల అనుభవంతో 8 నిమిషాల 20 సెకన్ల దగ్గర ఆగడం హద్దును తాకడం కాదు, ఒకే రకం పరుగు ఇవ్వగలిగింది ఇచ్చేయడం. ఈ రెంటినీ ఒకటిగా చూసి పరుగు మానేసిన కుర్రాళ్ళు ఉండటం విచారకరం.

చివరి తగువు పరీక్షకు ముందు పది రోజుల గురించి.

అల్లుడు: ఆ పది రోజులే గట్టిగా చెయ్యాలి. మిగతావాళ్ళంతా చేసేదదే.

మావయ్య: తిరునాళ్ళలో బండలాగుడు చూస్తూ పెరిగినవాడివి. పందెం ముందురోజు తన ఎడ్ల జత చేత నిండు బండ లాగించే రైతును చూశావా? ఆ పది రోజుల్లో చేసే కష్టానికి ఫలితం వచ్చేది పరీక్ష అయిపోయాక.

అల్లుడు ఇందుకు పూర్తిగా ఒప్పుకోలేదు, వేగం తగ్గించననే షరతు పెట్టాడు. ఆ షరతు సరైనదే. పది రోజుల్లో మొత్తం దూరాన్ని సగానికి తెచ్చి, ముక్కల వేగాన్ని మాత్రం అలాగే ఉంచాలి. ఆరు ముక్కలు నాలుగై, చివరి వారంలో రెండవుతాయి. పరీక్షకు రెండు రోజుల ముందు 100 మీటర్ల పరుగులు నాలుగు, ముందురోజు అరగంట నడక చాలు. పరీక్షలో మొదటి చుట్టును ఊపు మీద 1 నిమిషం 45 సెకన్లలో కొట్టేస్తే మూడో చుట్టులో కాళ్ళు బిగుస్తాయి. మూడు చుట్లు 1 నిమిషం 58 సెకన్ల చొప్పున వస్తే నాలుగో చుట్టుకు 2 నిమిషాల 6 సెకన్లు మిగులుతాయి.